లేని దేశపు జెండాతో చీరాల నుంచి పర్చూరు మీదుగా

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే తాడేపల్లిలో గుంటూరు బస్సెక్కాను. భుజాన బట్టల సంచి, చేతిలో గొట్టంలా చుట్టిన డ్రాయింగు షీట్లు. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టి, షీట్ల వైపు అనుమానంగా చూశాడు.

"ఏంటమ్మా అది?"

"ఒక దేశం జెండా బొమ్మండీ."

"ఏ దేశం?"

"ఇంకా లేదండీ ఆ దేశం."

ఆయన ఇంకేమీ అడగకుండా వెనక సీటుకి వెళ్లిపోయాడు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. ఆ రోజు చీరాలలో నా జెండాని మొదటిసారి గుడ్డ మీద చూడబోతున్నాను మరి. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, పొద్దున టిఫిన్ కూడా తినలేదు.

నేను తాడేపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు టీచర్ని. గుంటూరులో ఖాదర్ వలీ గారని ఒక పెద్దాయన ఉన్నారు. బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యారు, నాటకాలు మాత్రం మానలేదు. ఆయన రాసిన కొత్త నాటికలో 'నవధరణి' అని ఒక దేశం ఉంది. రైతులూ నేతగాళ్లూ కూలీలూ కలిసి విప్లవం చేసి తెచ్చుకున్న దేశం. గెలిచిన రోజున ఎగరేసిన జెండాని కొన్నాళ్లకి పెద్దలు గదిలో పెట్టి తాళం వేస్తారు. దాన్ని ఒక ముసలి రైతమ్మ మళ్లీ బయటికి తెస్తుంది. అదీ కథ.

మొదటి ప్రదర్శనకి బజార్లో దొరికిన ఎర్రగుడ్డ మీద ఒక నక్షత్రం ప్రింటు వేయించి కట్టారట. జెండా పైకి లేవగానే జనంలో సగంమంది నినాదాలు మొదలుపెట్టారు, మిగతా సగం బట్టలు దులుపుకుని ఇంటికి పోయారు. వలీ గారు ఆ వారమే మా ఇంటికొచ్చి కూర్చున్నారు.

"సుజాతమ్మా, నాకు ఒక దేశం జెండా కావాలి. చూసినవాడెవడూ ఇది మావాళ్లదనో, పక్కింటివాళ్లదనో అనకూడదు."

వినడానికి తేలికగానే ఉంది. గీయడానికి కూర్చుంటే తెలిసింది. చెట్టు గీసినా, చక్రం గీసినా, పువ్వు గీసినా, ఏ పనిముట్టు గీసినా అది అప్పటికే ఎవరో ఒకరి ఎన్నికల గుర్తు. కాగితాలు గుట్టలు పడ్డాయి. చివరికి ఒకరోజు గుంటూరు రోడ్డు పక్కన కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉంటే, దాని పక్కనే పత్తి లోడు ట్రాక్టరు ఆగింది. ఎరుపు పక్కన తెలుపు. అక్కడే స్కూటీ ఆపేసి చేతిలో ఉన్న కరెంటు బిల్లు వెనక గీసేశాను. ఎడమ పక్క మూడో వంతు తెలుపు, మిగతా అంతా ఎరుపు. తెలుపు మీద దేశ చిహ్నం: మధ్యలో విచ్చిన పత్తికాయ, దాన్ని దండలా చుట్టుకుని రెండు పండు మిరపకాయలు, కింద మగ్గం మీద దారం మోసే నాడె. నాటికలో పాత్రల టోపీల మీద పెట్టే బిళ్లల కోసం ఒక నినాదం కూడా రాశాను: 'నాటిన చేతిదే పంట.'

గుంటూరులో దిగి ఆటోలో బ్రాడీపేట వెళ్లాను. వలీ గారు టిఫిన్ సెంటర్ ముందు నిలబడి ఉన్నారు, చేతిలో చిన్న అట్టపెట్టె. షీల్డులు చేసే కొట్లో చేయించిన ఇత్తడి బిళ్లలు అవి. నెయ్యి కారప్పొడి ఇడ్లీ చల్లారిపోతున్నా ఇద్దరం ఆ బిళ్లల్నే చూస్తూ కూర్చున్నాం. మిరపకాయ తొడిమ కూడా స్పష్టంగా పడింది. వలీ గారు ఒకటి తీసి చొక్కాకి పెట్టుకున్నారు.

"ఎలా ఉన్నానమ్మా?"

"వ్యవసాయ మంత్రిలా ఉన్నారండీ."

"మంత్రెందుకు, మా దేశంలో మంత్రుల్లేరు, కమిటీలే" అన్నారు గంభీరంగా.

నటీనటులూ హార్మోనియం సెట్టూ మధ్యాహ్నం వ్యానులో నేరుగా పర్చూరు అవతల నాటక పరిషత్తు పోటీలు జరిగే ఊరికి వచ్చేస్తారు. సాయంత్రమే మా నాటిక. చీరాల వెళ్లి జెండా తెచ్చే పని మా ఇద్దరిదీ. ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక మాట: గుంటూరు నుంచి చీరాలకి తెనాలిలో బండి మారడమే సుఖం. ప్లాట్‌ఫారం మీద టీ తాగేంత వ్యవధి దొరుకుతుంది, తెనాలి దాటాక కిటికీ పక్క సీటు కూడా దొరుకుతుంది.

మాకూ దొరికింది. నిడుబ్రోలు దాటాక ఆత్రం ఆగక షీట్లు విప్పాను. ఎదురు సీట్లో ఒకాయన తెల్ల లుంగీ కట్టుకుని కూర్చుని శనక్కాయలు తింటున్నారు, మిరప రైతట. ఆయన పక్కన బాపట్లలో దిగబోయే ఒక పెద్దావిడ. ఇద్దరూ ముందుకి వంగి చూశారు.

"ఇదేంటమ్మా, మిరపకాయా?" అన్నారు రైతు.

"అవునండీ, ఒక దేశం చిహ్నం. నాటకంలో దేశం."

"మిరపకాయ జెండా మీదకెక్కిందా! శభాష్!" అని పక్క సీట్ల వాళ్లని కూడా పిలిచారు. "ఒరేయ్, ఇటు చూడండ్రా, మన కాయ!"

పెద్దావిడకి మాత్రం నచ్చలేదు. "వరికంకి లేకుండా దేశమేంటమ్మా? అన్నం తినరా వాళ్లు?"

"ఈ డెల్టా వాళ్లకి ఎప్పుడూ వరి గొడవే" అన్నారు రైతు. "వాళ్ల దేశం, వాళ్లిష్టం." ఇంతలో ఆయనకి ఏదో గుర్తొచ్చినట్టు వలీ గారి వైపు తిరిగారు. "అది సరే గానీ అండీ, ఆ దేశంలో మిరప రేటెంత?"

రైలు పెట్టెలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, జవాబు కోసం చూస్తున్నారు. వలీ గారు చొక్కా మీది బిళ్ల సర్దుకుని, "అక్కడ రేటు రైతే చెబుతాడండీ" అన్నారు.

"చెబితే కొంటారా?"

"అదే మా నాటిక."

ఆయన చేతిలో శనక్కాయలు మాకు పెట్టి, బాపట్ల దాటేదాకా ఆ బొమ్మని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు.

చీరాలలో దిగేసరికి పదకొండు దాటింది. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లా, మా నోటికి ఇంకా ప్రకాశమే. స్టేషన్ బయట ఆటో ఎక్కి నేతవాళ్ల వీధి పేరు చెబితే చాలు, మగ్గాల చప్పుడు వినిపించే చోట దింపేస్తారు. ఆదిలక్ష్మి గారి ఇల్లు వీధి చివర. భార్యాభర్తలిద్దరూ నేస్తారు. మా జెండా ఆవిడే నేశారు, ఎరుపూ తెలుపూ కలిసి గులాబిరంగు పడకూడదని నేను ఫోన్లో ప్రాణం తీసినా విసుక్కోలేదు. తెల్లదారం తెల్లదారంతోనే, ఎర్రదారం ఎర్రదారంతోనే నడిచేలా రెండు నాడెలతో నేసి, కలిసేచోట మెలికవేశారు. రెండు పక్కలా బొమ్మ కనపడాలి కాబట్టి రెండు ముక్కలు నేసి వీపు వీపు కలిపి కుట్టారు.

మంచం మీద పరిచి ఉన్న జెండాని చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. కాగితం మీద నేను గీసింది బొమ్మ. ఇది నిజంగా ఒక దేశానిది. ఎరుపు ఎండు మిరపకాయలా లోతుగా ఉంది. దగ్గరికెళ్లి పత్తికాయ ముట్టుకుంటే వేలికి ఉబ్బుగా తగిలింది.

అప్పుడు చూశాను. జెండా పైనా కిందా బొటనవేలంత వెడల్పున పసుపు అంచు.

"ఆదిలక్ష్మి గారూ, ఈ అంచేంటండీ? నేను గీయలేదే!"

"గీయలేదు. నేనే వేశాను" అన్నారు ఆవిడ మంచినీళ్లు అందిస్తూ.

"ఇది జెండా అండీ, చీర కాదు!"

"నాకు తెలీదా అమ్మా జెండా అని? అంచు లేకుండా గుడ్డ దించితే మొండిగా ఉంది. చూడలేకపోయాను."

"దేశాల జెండాలకి అంచులుండవండీ."

"ఈ దేశానికుంటుంది. నచ్చకపోతే కత్తిరించుకోండి. నేను మాత్రం కత్తెర పెట్టను."

నాకు నిజంగా కోపం వచ్చింది. నెలల తరబడి ఒక్కో గీతా లెక్కచూసుకుని గీసిన జెండా అది. వలీ గారి వైపు చూశాను, నా పక్కన మాట్లాడతారని. ఆయన అప్పటికే జెండాని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "డాబా ఎక్కుదాం పదండి" అంటున్నారు.

డాబా మీద ఆదిలక్ష్మి గారి భర్త ఒక వాసం తెచ్చి జెండా కట్టారు. రెండు పొరలు కుట్టిన గుడ్డ, బరువుకి ఎగరదేమోనని మా అందరికీ లోపల భయం. మొదట తడిబట్టలా వేలాడింది. అంతలో సముద్రం వైపు నుంచి గాలి వచ్చింది. అంచు ముందు లేచింది, దాని వెనక ఎరుపు పొంగింది, ఫట్‌మని చప్పుడు చేస్తూ జెండా మొత్తం తెరుచుకుంది. ఆదిలక్ష్మి గారు చప్పట్లు కొట్టారు. పక్క డాబా మీద వడియాలు పెడుతున్న ఆవిడ, "ఏంటొదినా, ఏ పండగ?" అని అరిచింది.

పసుపు అంచు ఎండలో గీత గీసినట్టు మెరుస్తోంది. నా కోపం సగం తగ్గింది. మిగతా సగం పెట్టుకునే, "సరే, ఉండనివ్వండి" అన్నాను. అక్కడే చేపల పులుసుతో అన్నం పెట్టారు. తినకుండా కదలనివ్వలేదు.

రెండు గంటల ప్రాంతంలో పర్చూరు వైపు బస్సెక్కాం. దారికి రెండు పక్కలా మిరప చేలు, ఏరేసిన పత్తి చేలల్లో నల్లటి కట్టెలు. పర్చూరు దాటి ఒక అడ్డరోడ్డు దగ్గర బస్సు ఆపారు. పంచాయతీ ఎన్నికల రోజులు, పోలీసులు సంచులన్నీ తనిఖీ చేస్తున్నారు. మా సంచి జిప్పు లాగిన కానిస్టేబులు మొహం మారిపోయింది. "సార్!" అని పిలిచాడు.

ఎస్సై గారు యువకుడు. ఎర్రగుడ్డ కొస పట్టుకుని చూశారు, అట్టపెట్టె తెరిచి బిళ్లలు చూశారు.

"ఏ పార్టీ అండీ ఇది?"

"పార్టీ కాదండీ" అన్నాను కంగారులో. "దేశం."

"దేశమా!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మమ్మల్ని కిందికి దింపారు. వలీ గారు నాటకం సంగతి చెప్పారు, పరిషత్తు కరపత్రం చూపించారు. కరపత్రంలో మా నాటిక పేరుంది గానీ జెండా సంగతి లేదు. ఎస్సై గారు తలూపుతున్నారు గానీ సంచి వదలడం లేదు. బస్సు హారన్ కొట్టి, మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయింది. సాయంత్రం ఏడింటికి తెర లేవాలి.

అప్పుడు వలీ గారు చెప్పులు విప్పి పక్కన పెట్టి, రోడ్డు మధ్యకి నడిచారు.

"అన్నలారా! నిన్నటిదాకా ఈ చేను మనల్ని కూలికి పిలిచింది. ఇవాళ పేరు పెట్టి పిలుస్తోంది!"

నాటిక మొదటి మాట అది. డిపోలో మైకు లేకుండా బస్సుల పేర్లు పిలిచిన గొంతు, రోడ్డు అవతల చేలో కాయ కోస్తున్నవాళ్లు కూడా తలెత్తారు. ఆగిన ఆటోలవాళ్లు ఇంజన్లు ఆపారు. ఆయన మొత్తం మొదటి రంగం ఆడారు, తనకి తనే జవాబులు చెప్పుకుంటూ. ఎస్సై గారు చేతులు కట్టుకుని విన్నారు. అయిపోగానే ఎవరో ఈల వేశారు.

"బాగుందండీ" అన్నారు ఎస్సై గారు. "కానీ ఈ మిరపకాయ ఎవరికైనా గుర్తుగా ఇచ్చారేమో, అది తేల్చుకోవాలి నేను." ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడారు. చాలాసేపు "ఊఁ, ఊఁ" అన్నారు. ఫోన్ పెట్టేసి మొదటిసారి నవ్వారు. "పచ్చిమిరపకాయ గుర్తు ఉందట. పండుమిరప లేదట. బతికిపోయారు."

అయినా ఒక షరతు పెట్టారు. రోడ్డు మీద ఎక్కడా జెండా విప్పకూడదు, స్టేజి దాకా ఒక కానిస్టేబులు సంచి పట్టుకుని మా వెంట వస్తాడు. బస్సు లేదు కాబట్టి మిరప టిక్కీలు, అంటే కాయ కూరిన గోనె బస్తాలు, వేసుకెళ్తున్న ట్రాలీ ఆటోలో ఎక్కాం. ఆ ఘాటుకి ముగ్గురం ఊరొచ్చేదాకా తుమ్ముతూనే ఉన్నాం. కానిస్టేబులు సంచిని ఒళ్లోంచి దించలేదు, తుమ్మొచ్చినప్పుడు మాత్రం జాగ్రత్తగా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఊరి చివర కళ్లాల పక్కన ఖాళీ జాగాలో వేదిక కట్టారు. వెనక ఆరబోసిన మిరపకాయలు, ముందు కుర్చీలు, కుర్చీల వెనక చాపలు, చాపల వెనక ట్రాక్టర్ల మీద జనం. మావాళ్లు వ్యానులో వచ్చి అప్పటికే మేకప్ వేసుకుంటున్నారు. ముసలి రైతమ్మ వేషం వేసే లలిత జెండా చూసి, "అంచు భలే ఉందండీ!" అంది. నేను మాట మార్చాను.

నాటిక సాగింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు, మిరప రేటు మాట వచ్చినప్పుడు ట్రాక్టర్ల మీంచి కేకలు వేశారు. చివరి రంగం వచ్చింది. లలిత తాళం పగలగొట్టి, గదిలోంచి జెండా తెచ్చి, తాడు కట్టి లాగడం మొదలుపెట్టింది. వలీ గారు రాసిన నవధరణి గీతం హార్మోనియం మీద మొదలైంది. నేను పక్కతెర వెనక ఫ్యాను పట్టుకుని నిలబడ్డాను. జెండా సగం దూరం లేచేసరికి గాలి అందుకుని తెరుచుకుంది.

ముందు వరుసలో స్కూలు పిల్లలు లేచి, చేతులు ఒంటికి ఆనించి నిటారుగా నిలబడ్డారు. జెండా పైకి వెళ్తుంటే, పాట వస్తుంటే నిలబడాలని వాళ్లకి అలవాటు. వాళ్లని చూసి వెనక తల్లులు లేచారు. కుర్చీల చప్పుడు వరసగా వెనక్కి పాకింది. చాపల మీదవాళ్లు లేచారు. ట్రాక్టర్ల మీదవాళ్లు కూడా లేచారు. మా కానిస్టేబులు కూడా నిలబడే ఉన్నాడు, టోపీ సర్దుకుంటూ. ఆ జాగా అంతా, ఎక్కడా లేని ఒక దేశం జెండా కోసం లేచి నిలబడింది. ఎవరూ నవ్వలేదు.

లలిత తర్వాతి మాట మర్చిపోయింది. వలీ గారు పక్కతెర వెనకనుంచి అందించాల్సింది, ఆయనా నోరు తెరుచుకుని చూస్తున్నారు. హార్మోనియం వాయించే ఆయన ఏం చేయాలో తెలీక పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. జనం రెండోసారి కూడా అలాగే నిలబడ్డారు. ఆ తర్వాత గానీ లలిత నోట మాట రాలేదు. తెర పడ్డాక వచ్చిన చప్పట్లకి కళ్లంలో కుక్కలు మొరిగాయి.

బహుమతి రాలేదు. పరిషత్తు పెట్టిన సమయం దాటిపోయామని, న్యాయనిర్ణేత మైకులో చాలా బాధపడుతూ చెప్పారు. మావాళ్లలో ఇద్దరు ముగ్గురు గొణిగారు. వలీ గారు మాత్రం గోంగూరా కోడికూరా పెట్టించుకుని, "జనం నిలబడ్డందుకు ఓడిపోయాం. ఇట్లా ఓడిపోవడం నా జన్మలో ఇదే మొదలు" అని విందులో అందరికీ చెప్పారు. కానిస్టేబులు మా పక్కనే కూర్చుని తిని, వెళ్లేముందు ఒక బిళ్ల అడిగి తీసుకున్నాడు, తన కూతురికట. ఆ రాత్రి స్కూలు గదుల్లో పడుకున్నాం. దుప్పట్లు పరిషత్తువాళ్లే ఇచ్చారు.

ఆదివారం పొద్దున మావాళ్లంతా వ్యానులో బయల్దేరారు. నాకు చోటున్నా, బస్సులో వెళ్తానన్నాను. ఒక్కదాన్నే కూర్చుని ముందురోజుని మళ్లీ మొదట్నుంచి తలుచుకోవాలనిపించింది. చిలకలూరిపేట బస్సు కూలివాళ్లతో కిటకిటలాడుతోంది. నా పక్కన కూర్చున్నావిడ పేరు ఈరమ్మ. కర్నూలు వైపు నుంచి మిరపకోతలకి వచ్చిందట, ఆ రోజు తమ ముఠాకి సెలవు కాబట్టి సరుకులకి పేట వెళ్తోంది. వేళ్ల సందుల్లో కారం మంటకి కొబ్బరినూనె రాసుకుని ఉంది.

"రాత్రి నాటకం చూసినావా?" అంది నన్ను.

"చూశానమ్మా. మీరు చూశారా?"

"చూసినా. జెండా లేచినప్పుడు అందరూ నిలబడిరి గదా, నేనూ నిలబడితి."

ఆ జెండా నాదేనని చెప్పలేదు. "ఎందుకు నిలబడ్డారు?" అని అడిగాను. మిరపకాయ గురించో, ఆ దేశం గురించో ఏదో చెబుతుందని ఆశపడ్డాను.

ఈరమ్మ కిటికీలోంచి చేల వైపు చూసింది. అప్పటికే చాళ్ల మధ్య మనుషులు నడుములు వంచి కోస్తున్నారు.

"పొద్దు గుంకేదాకా వంగి కోసినదాన్ని" అంది. "అందరితోపాటు నిటారుగా నిలబడితే నడుముకి ఎంత హాయిగా ఉండిందో! పాట మళ్లా ఎత్తుకుంటే, ఇంకా శానాసేపు పాడితే బాగుండు అనుకున్యా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని, సీట్లో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. నేను ఇన్నేళ్లలో చాలా బొమ్మలు గీశాను, కొన్నింటిని గోడకి పెట్టుకున్నారు, కొన్నింటిని మెచ్చుకున్నారు. ఒక మనిషి నడుముని కాసేపు నిటారుగా నిలబెట్టిన బొమ్మ ఇదొక్కటే. చిలకలూరిపేట వచ్చేదాకా ఆమెని లేపలేదు.